అద్దాల పెట్టె ఊపిరి

కావలి దగ్గర ఒక ఊరి నుంచి ఒక పాఠకుడు అడిగిన ప్రశ్న ఇది. ఊరి సెంటర్లో నిలువెత్తు విగ్రహం ఉంది. ఎండావానా తగలకుండా దాని చుట్టూ అద్దాల పెట్టె కట్టించారు. దిమ్మె ఎత్తే పది అడుగులు. బయటి వైపు అద్దం శుభ్రంగానే ఉంది, లోపలి వైపే పచ్చగా పాచి కట్టింది. మూలల్లో నాచు (మాస్) కూడా మొలిచింది. "చెయ్యి దూర్చే సందు లేదు సార్. వాన నీళ్లు పోతున్నాయేమోనని ఏటా సందులన్నిటికీ సిలికాన్ కొట్టిస్తున్నాం. కొట్టించే కొద్దీ పాచి ఎక్కువవుతోంది. దీన్ని ఎట్లా తుడవాలి?"

తుడిచే సంగతి తర్వాత చూద్దాం. నన్ను పట్టేసింది ఆ ముందు మాట: కొట్టించే కొద్దీ ఎక్కువవుతోందట. అది ఆయన భ్రమ కాదు.

పాచిగా కట్టే శైవలాల గురించి బడి పాఠం ఇక్కడ అప్పజెప్పను. వాటికి వెలుతురు, తడి, చిటికెడు దుమ్ము ఉంటే చాలు. అద్దం లోపలి ముఖం మీద ఈ మూడూ ఉన్నాయి. పైగా మామూలు అద్దం కనిపించే వెలుతురును లోపలికి వదిలి, జీవకణాలను దెబ్బతీసే అతినీలలోహిత కిరణాల్లో తీవ్రమైన భాగాన్ని చాలావరకు ఆపేస్తుంది. వాన కడగదు, గాలి ఆరబెట్టదు. బయటి ముఖానికి ఈ భోగం లేదు.

వెలుతురు ఎలాగూ ఉంటుంది, దుమ్మును పూర్తిగా ఆపలేం. మరి తడి ఎక్కడిది? అన్ని సందులూ మూశారు కదా! ఇక్కడే అసలు కథ. అద్దాల పెట్టె మనిషిలాగే ఊపిరి పీల్చి వదులుతుంది.

లెక్క వేద్దాం. పెట్టె అడుగు 1.4 మీటర్లు చదరం, ఎత్తు 2.5 మీటర్లు అనుకోండి. లోపల సుమారు 5 ఘనపు మీటర్ల గాలి, అంటే 5000 లీటర్లు. విగ్రహం ఆక్రమించే చోటును పక్కన పెడదాం. నవంబరులో నెల్లూరు వైపు మధ్యాహ్నం బయట 30 డిగ్రీలే ఉన్నా, మబ్బు విడిచి ఎండ కాస్తే అద్దాల లోపల 40 దాటడం పెద్ద విషయం కాదు. తెల్లవారుజాముకు అది 24కు దిగుతుంది. వాయువు పరిమాణం పరమ ఉష్ణోగ్రతను, అంటే మైనస్ 273 డిగ్రీల నుంచి లెక్కపెట్టే ఉష్ణోగ్రతను బట్టి మారుతుంది, కాబట్టి ఈ అంకెలకు 273 కలపాలి. 313 నుంచి 297కు దిగితే తగ్గుదల 5 శాతం. 5000 లీటర్లలో 5 శాతం 250 లీటర్లు. ఆ మేరకు లోపలి గాలి ముడుచుకుంటే, బయటి గాలి ఏదో ఒక సందులోంచి లోపలికి రావాలి. పగలు అంతే గాలి బయటికి పోవాలి.

రాకుండా ఆపేస్తే? గాలి ముడుచుకోలేదు గనుక లోపలి పీడనం 5 శాతం పడిపోతుంది. 5 శాతమే కదా అనిపిస్తుంది గానీ, వాతావరణ పీడనంలో 5 శాతం అంటే చదరపు మీటరుకు సుమారు అర టన్ను బరువు. పలకల మీద చదరపు మీటరుకు అర టన్ను ఒత్తిడిని రోజూ రాత్రి మోపి, పగలు తీసేస్తుంటే సిలికాన్ అతుకు ఎంతకాలం నిలుస్తుంది? ఎక్కడో వెంట్రుకవాసి చీలిక వస్తుంది. ఏ మేస్త్రీని పిలిచినా పెట్టె ఊపిరిని ఆపలేడు. సందులు మూసిన కొద్దీ ముక్కు సన్నబడుతుంది, అంతే.

సన్నని ముక్కు మరింత ప్రమాదం. మధ్యాహ్నం అద్దాలు కాగి ఉన్నాయి. ఉన్నట్టుండి వాన కురిసింది. అద్దం గబుక్కున చల్లబడుతుంది, లోపలి గాలి ముడుచుకుంటుంది, పెట్టె ఒక్కసారిగా ఊపిరి లాగుతుంది. సరిగ్గా ఆ సమయానికి సన్నని చీలికల నిండా వాన నీళ్లు నిలిచి ఉన్నాయి! గాలి పోవలసిన దారిలో ముందు నీళ్లు పోతాయి. సందు పెద్దదైతే నీళ్లు ఒక పక్కన కారుతున్నా మిగతా చోటు నుంచి గాలి దూరుతుంది. వెంట్రుకవాసి సందును మాత్రం నీరు కేశనాళికా బలంతో (సన్నని సందులో నీటిని పట్టి ఉంచే బలం అది) పూర్తిగా మూసేస్తుంది. అందుకే పెట్టె గాలికి బదులు నీళ్లు తాగుతుంది.

వదలడం మాత్రం ఆవిరి రూపంలోనే. మర్నాడు ఎండకు 250 లీటర్ల గాలి బయటికి పోతుంది. అది వెచ్చగా, తేమగా ఉంటుంది కాబట్టి మోసుకుపోయే నీళ్లు మహా అయితే 8, 9 గ్రాములు. రాత్రి పీల్చిన తేమగాలితో 5 గ్రాములు ఎలాగూ తిరిగి వస్తాయి. నికరంగా బయటపడేది రోజుకు 4 గ్రాములు. ఒక జల్లుకు ఒక గ్లాసు, అంటే 200 మిల్లీలీటర్ల నీళ్లు లోపలికి పోయాయనుకుంటే, అవి ఇంకడానికి 50 రోజులు కావాలి. ఈలోపు ఇంకో జల్లు. నెల్లూరు వైపు వానల్లో ఎక్కువ భాగం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతోనే పడతాయి. కాబట్టి కార్తీకంలో తాగిన నీళ్లు సంక్రాంతి దాకా లోపలే తిరుగుతుంటాయి.

తిరగడం అని ఊరికే అనలేదు. ఆ నీరు పగలు ఆవిరై రాత్రి మంచులా అద్దానికి పడుతుంది. ఆవిరితో నిండిన గాలి 30 డిగ్రీల దగ్గర ఘనపు మీటరుకు 30 గ్రాముల నీటిని మోస్తుంది, 24 దగ్గర 22 గ్రాములే. 5 ఘనపు మీటర్లకు తేడా 40 గ్రాములు. పైకప్పుతో కలిపి 16 చదరపు మీటర్ల అద్దం మీద పరిస్తే ఆ పొర మందం రెండున్నర మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). చాలా శైవల కణాల కన్నా పలుచన. అందుకే పలక మధ్యలో పాచి పలచగా ఉంటుంది. చుక్కలు కలిసి కిందికి జారి చేరే అడుగు అతుకు దగ్గర మాత్రం దట్టంగా కడుతుంది. నాచు మొలిచేదీ అక్కడే, ఎందుకంటే దాని పురుష బీజకణాలు స్త్రీ బీజకణం దగ్గరికి నీటిలో ఈదుకుంటూ పోవాలి. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండకు ఆ నాచు గోధుమరంగు పొట్టులా ఎండిపోతుంది. చచ్చిందనుకుని వదిలేయకండి. మొదటి తడికి మళ్లీ పచ్చబడుతుంది.

ఈ చెమ్మే విగ్రహం మీద పడితే "విగ్రహానికి చెమట పట్టింది", "కన్నీరు కార్చింది" అని ఊరంతా కదులుతుంది. రాతి విగ్రహం రాత్రి చల్లదనాన్ని ఉదయం దాకా అట్టిపెట్టుకుంటుంది, పొద్దెక్కి వెచ్చబడిన తేమగాలి దానికి తగిలి నీరవుతుంది. ఐసు ముక్కలు వేసిన గ్లాసు ప్రయోగాన్ని బడిలో నాలుగు మార్కుల ప్రశ్నగా చెప్పి వదిలేస్తాం. ఆ పూట పిల్లల్ని తీసుకెళ్లి ఈ పెట్టె ముందు నిలబెడితే బాగుండును.

కాబట్టి మందు సిలికాన్ కాదు, పెద్ద ముక్కు. అడుగున ఒకటి, పైకప్పు చూరు కింద ఒకటి, పది సెంటీమీటర్ల పొడవు, అయిదు వెడల్పు కిటికీలు పెట్టి దోమతెర బిగించండి. వెచ్చటి గాలి పైనుంచి పోతుంటే కింద నుంచి కొత్త గాలి వస్తుంది. సెకనుకు పది సెంటీమీటర్ల నత్తనడకన కదిలినా గంటకు 1800 లీటర్లు, అంటే పెట్టె వారం రోజుల ఊపిరి. నీళ్లు పోయేందుకు పెట్టె అడుగున ఒక రంధ్రం కూడా ఉండాలి. అయితే టఫెన్డ్ (వేడితో గట్టిపరిచిన) అద్దానికి డ్రిల్ పెట్టొద్దు, పలక మొత్తం గవ్వల్లా రాలిపోతుంది. కిటికీలు ఫ్రేములోనే కోయించాలి.

ఇక తుడవడం. ఒక పలక సిలికాన్ కోసి విప్పించడం అన్నిటికన్నా మేలు. కుదరకపోతే అక్వేరియం వాళ్లు వాడే అయస్కాంత తుడుపు ఉంది. ఒక ముక్క బయట, గుడ్డ ఉన్న ముక్క లోపల. బయటిది జరిపితే లోపలిది వెంట వస్తుంది. దూరం పెరిగే కొద్దీ అయస్కాంత బలం చాలా వేగంగా పడిపోతుంది. చిన్న చేపల తొట్టి కోసం చేసినది 10, 12 మిల్లీమీటర్ల అద్దం మీద నిలవదు. మందానికి తగినది అడిగి కొనండి. లోపలి ముక్కకు గాలం తాడు కట్టి, పైకిటికీలోంచి దింపండి. జారిపడినా పైకి లాగొచ్చు.

పాచి కణాలు తమ చుట్టూ చక్కెర జాతి జిగురు కట్టుకుంటాయి. ఎండితే అది అద్దాన్ని కరుచుకుంటుంది, తడిస్తే ఉబ్బి వదులుతుంది. అందుకే మధ్యాహ్నం గీకకుండా, చెమ్మ ఉండగా తెల్లవారే మొదలుపెట్టాలి. మందుల షాపులో దొరికే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను గుడ్డకే పట్టించండి, స్ప్రే చేస్తే విగ్రహం రంగు వెలుస్తుంది. ఒకసారి తడిపి, పావుగంట ఆగి తుడవండి. పని అయ్యాక అది నీరు, ఆక్సిజన్‌గా విడిపోతుంది.

పంచాయతీలో దొరుకుతుంది కదా అని బ్లీచింగ్ పౌడర్, దాని మీద బాత్రూం యాసిడ్ మాత్రం వద్దు. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. అది గాలికన్నా రెండున్నర రెట్లు బరువు. కిటికీ దగ్గర తల పెట్టినవాడి ప్రాణానికే ముప్పు. ఇంట్లో గిన్నెలు తోమే పచ్చ స్క్రబ్బరూ వద్దు, చాలావాటిలో అద్దంకన్నా గట్టిదైన అల్యూమినా పొడి ఉంటుంది. గుడ్డకు అంటిన ఇసుక కూడా గీతలు పెడుతుంది. గూడూరు వైపు సిలికా ఇసుకే అద్దానికి ముడిసరుకు. అయినా ఇసుకలోని క్వార్ట్జ్ కాఠిన్యం 7, అద్దానిది అయిదున్నర. అద్దం తొందరగా కరగడానికి కలిపే సోడా ఇసుకలోని సిలికా అల్లికను తెంపేస్తుంది మరి. గుడ్డను మాటిమాటికీ పైకి లాగి జాడించుకోండి.

పాచి పోయాక తెల్లటి మసక మిగిలితే నిమ్మరసం రాసి చూడండి. పోతే అది నీటిలోని కాల్షియం. పోకపోతే తడి ఏళ్ల తరబడి అద్దంలోని సోడియాన్ని లాగేసిందన్నమాట. దానికి సీరియం ఆక్సైడ్‌తో పాలిష్ పట్టించాలి. అది నిచ్చెన ఎక్కి చేసే పని కాదు గనుక ఆ పలకను ఎలాగూ విప్పించక తప్పదు.