ఎటోషాలో ఒకే నీటిగుంట దగ్గర మూడు గంటలు

ఆఫ్రికా ఖండపు నైరుతి దేశం నమీబియాలోని ఎటోషా నేషనల్ పార్కు విస్తీర్ణం సుమారు 22 వేల చదరపు కిలోమీటర్లు. అందులో ఐదో వంతు ఒకటే చవిటిపర్ర, తెల్లగా మెరిసే ఉప్పునేల. దాని దక్షిణపు అంచు వెంబడి ఊటలు, బోరునీటి గుంటలు ఉన్నాయి. మే నుంచి అక్టోబరు దాకా వాన దాదాపు ఉండదు కాబట్టి, ఆ నెలల్లో జంతువులు నీటి కోసం అక్కడికే రావాలి. వానలు పడ్డాక ఎక్కడికక్కడే మడుగులు నిండి మందలు చెదిరిపోతాయి. అప్పుడు వెళ్లి జంతువులే లేవనుకోవడం పొరపాటు.

చాలామంది గుంటకు పది నిమిషాలు చొప్పున కారు తిప్పుతారు. దానికంటే ఒక్కచోట రెండు మూడు గంటలు కూర్చోవడమే మేలు. సూర్యుడు వీపు వైపు ఉండేలా కారు ఆపి, ఇంజిన్ కట్టేయండి. ఇంజిన్ నడుస్తుంటే ఆ అదురుకు బైనాక్యులర్‌లో బొమ్మ నిలవదు. 8×42 రకం (ఎనిమిది రెట్లు దగ్గరగా చూపేది, ముందు అద్దం 42 మి.మీ. వెడల్పు) బైనాక్యులర్ చాలు. ఎండ ముదిరాక నేలమీది వేడిగాలికి దూరపు ఫొటోలన్నీ అలలు అలలుగా వస్తాయి, ఎంత ఖరీదైన లెన్స్ అయినా అంతే. కంచె వేసిన విశ్రాంతి స్థలాల్లో తప్ప కారు దిగకూడదు. కంకర రోడ్డు మీద వేగం పెంచితే టైరు చిరుగుతుంది, గేట్లేమో సూర్యాస్తమయానికే మూసేస్తారు.

స్ప్రింగ్‌బాక్ జింకలను గమనిస్తూ ఉండండి. నీళ్లు తాగకుండా అన్నీ చెవులు రిక్కించి ఒకే వైపు చూస్తున్నాయంటే, అటున్న పొదలను వెతకండి. సింహం అక్కడ ఉండొచ్చు.

జిరాఫీ తాగే తీరు చూసి తీరాలి. చుట్టూ చాలాసేపు చూసి, ముందుకాళ్లు కొంచెం కొంచెంగా ఎడం చేసి, అప్పుడు మెడ వంచుతుంది. అంత ఎత్తుకు రక్తం ఎక్కించడానికి దాని రక్తపోటు మనకంటే దాదాపు రెట్టింపు ఉంటుంది. తల కిందికి దించినప్పుడు మెడ సిరల్లోని కవాటాలు రక్తం మెదడు వైపు వెనక్కి జారకుండా ఆపుతాయి. కాళ్లు చాచి ఉన్నంతసేపూ అది చటుక్కున పరుగెత్తలేదు, అందుకే చిన్న అలికిడికే తల ఎత్తేస్తుంది. ఆ సమయంలో కారు తలుపు చప్పుడు చేశారంటే, దాహంతోనే వెనుదిరుగుతుంది.

పార్కు లోపలే బస చేసే ఒకుకుయెజో క్యాంపులో గుంటకు రాత్రంతా దీపాలుంటాయి. గోడ ఇవతల బెంచీ మీద నిశ్శబ్దంగా కూర్చోవాలి. నల్ల ఖడ్గమృగాలు ఎక్కువగా చీకటి పడ్డాకే వస్తాయి. వాటికి చూపు మందం, చెవులు, ముక్కు చురుకు. గుసగుస వినిపించినా అడుగు ఆపి, చెవులు మన వైపు తిప్పి నిలబడిపోతాయి.