కడుపులో బిడ్డ, సెక్స్ హార్మోన్లు: ల్యాబ్‌లో కూర్చుని చూస్తే కనిపించే అపోహలు - వాస్తవాలు

నేను స్టెరాయిడ్ హార్మోన్లు కొలిచే ల్యాబ్‌లో పనిచేస్తాను. మాకు వచ్చే శాంపిల్స్‌లో ఎక్కువ భాగం పుట్టి రెండు మూడు రోజులైన పసికందులవి. పెళ్లిళ్లలో ఎవరైనా ఏం పని అని అడిగితే ఇదే చెబుతాను. వెంటనే, "అయితే పుట్టబోయేది బాబో పాపో చెప్పేస్తావా?" అంటారు. చెప్పను. 1994 నాటి చట్టం ప్రకారం అది నేరం. ఆ తర్వాత మాట హార్మోన్ల మీదికి మళ్లుతుంది, అపోహలు ఒక్కొక్కటే బయటికొస్తాయి.

అపోహ: మగబిడ్డలో టెస్టోస్టెరాన్, ఆడబిడ్డలో ఈస్ట్రోజన్. ఎవరి హార్మోన్ వాళ్లది.

బాబైనా పాపైనా కడుపులో ఉన్నంతకాలం ఈస్ట్రోజన్‌లో మునిగి ఉంటారు. గర్భం ముదిరేకొద్దీ అది పెరుగుతూ పోతుంది. దాన్ని తయారుచేసేది బిడ్డ అండాశయం కాదు, మాయ (ప్లాసెంటా). అయితే మాయ ఒక్కటే ఆ పని చేయలేదు. కొలెస్ట్రాల్ నుంచి ప్రొజెస్టిరాన్ దాకా తనే చేసుకుంటుంది. ఆ తర్వాతి మెట్టుకు కావలసిన ఎంజైమ్ దాని దగ్గర లేనట్టే లెక్క. అందుకని ముడిసరుకు బిడ్డ కిడ్నీ పైన ఉండే అడ్రినల్ గ్రంథి నుంచి రావాలి. గర్భం తొలి నెలల్లో ఆ గ్రంథి ఒక దశలో కిడ్నీ అంత పెద్దగా ఉంటుంది. అది డీహెచ్‌ఈఏ సల్ఫేట్ అనే పదార్థాన్ని వదులుతుంది, బిడ్డ కాలేయం దాన్ని కొంచెం మారుస్తుంది, చివరికి మాయ దాన్ని ఈస్ట్రియోల్ అనే ఒక రకం ఈస్ట్రోజన్‌గా మారుస్తుంది. పిండి ఒకరింట్లో రుబ్బి, పక్కింటి పొయ్యి మీద దోసె పోసుకున్నట్టన్నమాట.

అయిదో నెల లోపు, బిడ్డలో లోపాల ప్రమాదాన్ని అంచనా వేసే క్వాడ్రపుల్ మార్కర్ టెస్ట్ చేయించుకున్నవాళ్లు రిపోర్టులో ఈస్ట్రియోల్ అనే పేరు చూసే ఉంటారు. రక్తం తీసింది తల్లి చేతి నుంచే. ఆ అంకె వెనక ఉన్నది మాత్రం బిడ్డ అడ్రినల్, బిడ్డ కాలేయం, మాయ. మెదడు సరిగా ఏర్పడని బిడ్డల్లో మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి నుంచి ఆదేశాలు అందక అడ్రినల్ చిన్నదిగా ఉండిపోతుంది, తల్లి రక్తంలో ఈస్ట్రియోల్ కూడా బాగా పడిపోతుంది.

అపోహ: మగబిడ్డ మగబిడ్డగా తయారవడం పూర్తిగా వృషణాల పని.

నేను చదువుకున్నప్పుడు మాకూ ఇలాగే చెప్పారు. సగం నిజమే. 1947లో ఆల్ఫ్రెడ్ జోస్ట్ అనే ఫ్రెంచ్ శాస్త్రవేత్త, తల్లి కుందేళ్ల కడుపులో ఉండగానే పిల్లల బీజగ్రంథులు (వృషణాలు లేదా అండాశయాలు కావలసినవి) తీసేశారు. ఆ పిల్లలన్నిటికీ ఆడ అవయవాలే వచ్చాయి. మగ రూపానికి వృషణం నుంచి ఏవో సంకేతాలు రావాలని దాంతో తేలింది. వాటిలో ఒకటి టెస్టోస్టెరాన్. రెండోది గర్భాశయంగా మారాల్సిన నాళాలను కరిగించేసే ఏఎంహెచ్. సంతానం కోసం తిరిగే ఆడవాళ్లకు రాసే ఏఎంహెచ్ టెస్ట్ ఉందే, అదే హార్మోన్. వృషణం ఏర్పడటానికి మీట నొక్కే ఎస్‌ఆర్‌వై జన్యువు 1990లో దొరికింది.

ఇక్కడిదాకా పాఠ్యపుస్తకం. టెస్టోస్టెరాన్ నుంచి డీహెచ్‌టీ తయారవుతుంది, బయటి అవయవాలను మలిచేది అదే, కథ అయిపోయింది అనుకున్నాం. కానీ శరీరానికి పెరటి దోవ ఒకటుంది. టెస్టోస్టెరాన్ ఊసే లేకుండా, ప్రొజెస్టిరాన్ వైపు నుంచి చుట్టు తిరిగి డీహెచ్‌టీకి చేరే దారి అది. ముందు వల్లబీ అనే కంగారూ జాతి జంతువులో బయటపడింది. జంతువుల సంగతిలే అని వదిలేయకుండా స్విట్జర్లాండ్‌లో, 1972లోనే వివరించి పెట్టిన ఒక కుటుంబాన్ని మళ్లీ పరీక్షించారు. ఎక్స్‌వై క్రోమోజోములున్నా పుట్టుకతో ఆడపిల్లల్లా కనిపించినవాళ్లు ఆ ఇంట్లో ఉన్నారు. లోపం పెరటి దోవకు సంబంధించిన జన్యువుల్లో ఉందని 2011లో తేలింది. అంటే ముందు గుమ్మం ఒక్కటే తెరిచి ఉంటే చాలదు.

2019లో వచ్చిన పరిశోధన ఇంకాస్త తికమక పెట్టింది. మగపిండాల రక్తంలో ఆ దారిలోని ప్రధాన హార్మోన్ ఆండ్రోస్టిరాన్ అని తేలింది. దాన్ని వృషణాల్లో వెతికితే ఆ దారి ఆనవాళ్లు అంతగా దొరకలేదు. మాయలో, కాలేయంలో, అడ్రినల్‌లో కనిపించాయి. మాయ సరిగా పనిచేయని గర్భాల్లో మగపిల్లలకు మూత్రద్వారం కిందికి ఉండే లోపం ఎక్కువ ఎందుకన్న ప్రశ్నకు ఇది ఒక దారి చూపిస్తోంది. నన్నడిగితే, ఈ రంగంలో ఈ మధ్య వచ్చిన వాటిలో అన్నిటికన్నా ఆసక్తికరమైన సంగతి ఇదే.

అపోహ: ఏ హార్మోనూ లేకపోతే ఆడబిడ్డ. అంటే ఆడపిల్ల తయారవడానికి ఏమీ జరగనక్కర్లేదు.

జోస్ట్ ప్రయోగాన్ని అతిగా లాగితే వచ్చే మాట ఇది. అండాశయం ఏర్పడటానికీ దాని జన్యువులు దానికున్నాయి. మొదట్లో ప్రతి పిండంలోనూ ఉండే మగ నాళాలు ఆడపిండంలో వాటంతటవే వాడిపోవనీ, వాటిని పనిగట్టుకుని తొలగించే ఏర్పాటు ఉందనీ 2017లో ఎలుకల్లో చూపించారు.

అపోహ: బొడ్డుతాడు రక్తంలో టెస్టోస్టెరాన్ కొలిస్తే కడుపులో ఏం జరిగిందో తెలిసిపోతుంది.

బిడ్డ వృషణం ఫలదీకరణ జరిగిన ఎనిమిదో వారం ప్రాంతంలో టెస్టోస్టెరాన్ మొదలుపెడుతుంది, మూడు నాలుగు నెలల మధ్య శిఖరానికి చేరుతుంది, తర్వాత తగ్గిపోతుంది. కానుపు నాటికి ఆ జాతర ఎప్పుడో ముగిసింది. మర్నాడు వెళ్లి రథం ఎంత ఎత్తుందో కొలిస్తే ఏం లాభం? ఇంకో చిక్కు కూడా ఉంది. డాక్టర్లు వారాలు లెక్కపెట్టేది ఆఖరి నెలసరి నుంచి, పిండం మీద పరిశోధన చేసేవాళ్లు చాలామంది ఫలదీకరణ నుంచి. రెండు వారాల తేడా. ఈ తేడా చూసుకోక రెండు పేపర్లను పక్కపక్కన పెట్టి జుట్టు పీక్కున్న రోజులు నాకున్నాయి.

అపోహ: మగపిల్లాడు పుట్టడానికి మందుంది.

లేదు. ఎక్స్ లేదా వై, తండ్రి వీర్యకణం వచ్చిన క్షణానే తేలిపోతుంది. రెండో నెలలో పాలలో కలిపి ఇచ్చే పొడులు దాన్ని మార్చలేవు. సరిగ్గా అవయవాలు ఏర్పడే వారాల్లో ఏముందో తెలియని పదార్థాన్ని మింగించడం మాత్రం అవుతుంది. హర్యానాలో ఇలాంటి మందులను పరీక్షిస్తే వాటిలో మొక్కల ఈస్ట్రోజన్లు దొరికాయి, వాటిని వాడిన తల్లుల పిల్లల్లో అవయవ లోపాలు ఎక్కువగా కనిపించాయి.

అపోహ: మెషీన్ చెప్పిన అంకె అబద్ధం చెప్పదు.

కొత్తలో నేనూ అలాగే అనుకుని ఒక రిపోర్టు మీద సంతకం పెట్టాను. మూడో రోజు పాప. మామూలు కిట్ మీద టెస్టోస్టెరాన్ మగబిడ్డకున్నంత వచ్చింది. అటువైపు ఆ ఇంట్లో ఎంత టెన్షన్ పడ్డారో తర్వాత తెలిసింది, వాళ్ల నాయనమ్మ "పేరు పెట్టొద్దు, ఆగండి" అందట. అదే శాంపిల్‌ను, అణువులను బరువును బట్టి గుర్తించే మాస్ స్పెక్ట్రోమీటర్‌లో పెడితే పూర్తిగా మామూలే. పసికందు రక్తంలో అడ్రినల్ వదిలిన స్టెరాయిడ్లు ఇంకా తిరుగుతుంటాయి. కిట్‌లోని యాంటీబాడీ వాటిని కూడా టెస్టోస్టెరాన్ అనుకుని పట్టుకుంటుంది. అప్పటినుంచి పసికందుల శాంపిల్ కిట్ మీద ఎక్కువ చూపిస్తే మాస్ స్పెక్‌లో సరిచూడకుండా రిపోర్టు పంపను.

దీనికి రెండో వైపు కూడా ఉంది. అడ్రినల్‌లో 21-హైడ్రాక్సిలేజ్ అనే ఎంజైమ్ లోపించిన బిడ్డల్లో ఆండ్రోజన్లు (టెస్టోస్టెరాన్ లాంటి మగ హార్మోన్లు) నిజంగానే పెరుగుతాయి. పాపైతే బయటి అవయవాలు చూసి బాబు అనుకునే ప్రమాదం ఉంటుంది. వృషణాలు రెండూ చేతికి తగలని ఏ బిడ్డనూ క్రోమోజోముల పరీక్ష, 17-ఓహెచ్‌పీ (ఈ లోపం ఉంటే రక్తంలో పేరుకుపోయే స్టెరాయిడ్) పరీక్ష చేయకుండా మగబిడ్డ అని రాయకూడదు. ఇదే లోపమున్న బాబు చూడటానికి మామూలుగా ఉంటాడు. అందుకే ఎవరికీ అనుమానం రాదు. రెండో మూడో వారంలో వాంతులు, బరువు తగ్గడం, ఒంట్లో ఉప్పు పడిపోవడం. అప్పటికి ఆలస్యమైపోవచ్చు.

17-ఓహెచ్‌పీ పుట్టిన మొదటి రోజు ఏ బిడ్డలోనైనా ఎక్కువే ఉంటుంది. అందుకే, బిడ్డ బాగానే ఉంటే, 48 గంటలు దాటాక రక్తం తీయమంటాం. ట్యూబు మీద తల్లి పేరు, తేదీ రాసి పంపుతారు. పుట్టిన టైము రాయరు. దానికోసం రోజూ ఉదయం పూట మా టెక్నీషియన్ ఫోన్ పట్టుకుని వార్డులకు కాల్ చేస్తూ కూర్చుంటాడు.