పగడాల తొట్టికి ఏ ఉప్పు?

శ్రీకాకుళం జిల్లా నౌపడ మడుల్లో పండే ఉప్పు కూడా సముద్రంలోంచి వచ్చిందే కనుక, దాన్నే మంచినీటిలో కరిగించి ఇంటి ఆక్వేరియం తొట్టిలో సజీవ పగడాలు పెంచవచ్చు కదా అన్న సందేహం చాలామందికి వస్తుంది. అలా కుదరదు. ఎండకు సముద్రపు నీరు ఇగిరేకొద్దీ అందులోని లవణాలు ఒక్కొక్కటిగా విడివడతాయి: ముందు కాల్షియం కార్బొనేటు, ఆ తర్వాత జిప్సం, నీరు దాదాపు పదో వంతుకు తగ్గాక సోడియం క్లోరైడు. మెగ్నీషియం, పొటాషియం లవణాలు చివరి చేదునీటిలో ఉండిపోతాయి. ఆ నీటిని మడిలోంచి తీసేస్తారు. వంటకు ఇది మేలే, లేకుంటే కూరలు చేదెక్కేవి. పగడానికి మాత్రం ఆ పోయినవన్నీ కావాలి.

బ్రిటిష్ పరిశోధక నౌక చాలెంజర్ 1872–76 మధ్య మహాసముద్రాలు తిరిగి తెచ్చిన నీటి నమూనాల్లో 77 నమూనాలను రసాయన శాస్త్రవేత్త విలియం డిట్మార్ విశ్లేషించి, లవణీయత ఎక్కువైనా తక్కువైనా ప్రధాన లవణాల మధ్య నిష్పత్తి ఇంచుమించు మారదని 1884లో ప్రకటించాడు. సముద్రాన్ని పొడి రూపంలో తయారుచేసే నేటి కంపెనీలన్నింటికీ ఆధారం ఈ స్థిరత్వమే. వెయ్యికి 35 వంతుల లవణీయత ఉన్న లీటరు సముద్రపు నీటిలో కాల్షియం సుమారు 410, మెగ్నీషియం సుమారు 1,280 మిల్లీగ్రాములు ఉంటాయి. క్షారత, అంటే ఆక్వేరియంవాళ్ల ఆల్కలినిటీ, ముఖ్యంగా నీటిలోని బైకార్బొనేటు, కార్బొనేటుల నిల్వ; దాన్ని డీకేహెచ్ అనే కొలమానంలో చెబుతారు, సముద్రంలో అది 7 డీకేహెచ్ దగ్గర ఉంటుంది.

కొనేవారి చూపు సాధారణంగా కాల్షియం అంకె మీదికి పోతుంది. నా ఉద్దేశంలో ముందు చూడవలసింది క్షారతను. రాతి పగడం తన అస్థిపంజరాన్ని కాల్షియం కార్బొనేటుతో కట్టుకుంటుంది. అందుకు లీటరు నీటిలోంచి 20 మిల్లీగ్రాముల కాల్షియం తీసుకుంటే, దానితోపాటే 2.8 డీకేహెచ్ క్షారత ఖర్చవుతుంది. అంటే కాల్షియం నిల్వలో 5 శాతం తరిగేసరికి, 7 డీకేహెచ్ క్షారతలో 40 శాతం హరించుకుపోతుంది. తొట్టిలో ముందుగా తగ్గేదీ, హఠాత్తుగా మారితే పగడాన్ని ముందుగా దెబ్బతీసేదీ క్షారతే.

ఉప్పు మిశ్రమాల మధ్య అసలు తేడా కూడా ఇక్కడే ఉంది. రెడ్ సీ కంపెనీ అమ్మే రెండు రకాల్లో మామూలుది 8 డీకేహెచ్ దగ్గర, కోరల్ ప్రో 12 దగ్గర నీటిని ఇస్తాయి. తొట్టిని 8 వద్ద నడిపేవారు 12 ఉప్పుతో 20 శాతం నీరు మారిస్తే క్షారత 0.8 పెరుగుతుంది, దాన్ని పగడాలు ఓర్చుకుంటాయి. ఏదో అవసరం వచ్చి సగం నీరు ఒకేసారి మారిస్తే 2 పెరుగుతుంది, అప్పుడు ఆక్రోపోరా వంటి సున్నితమైన పగడాల కొసలు మాడిపోవచ్చు. కాబట్టి తొట్టి ఏ క్షారత వద్ద స్థిరంగా ఉందో దానికి దగ్గరి ఉప్పే మంచిది. పగడాలు ఒత్తుగా పెరిగి రోజుకు 1 డీకేహెచ్ తినేస్తుంటే, వారానికోసారి పదో వంతు నీరు మార్చడం ఎంత ఖరీదైన ఉప్పుతోనైనా చాలదు. అక్కడ కాల్షియం, క్షార ద్రావణాలను విడిగా, రోజూ పోయవలసిందే.

కలపడంలోనూ మెలకువ కావాలి. ఆర్వో-డీఐ నీటిని, అంటే వడపోసి కరిగిన లవణాలన్నీ తీసేసిన శుద్ధ నీటిని, ముందు డ్రమ్ములో నింపి, పంపు తిప్పుతూ ఉప్పును కొద్దికొద్దిగా వేయాలి. ఉప్పు మీద నీరు పోస్తే అడుగున గాఢత విపరీతంగా పెరిగి, కాల్షియం, కార్బొనేటు కలిసిపోయి తెల్లని మడ్డిగా దిగిపోతాయి. తేమ పీల్చి గడ్డకట్టిన ఉప్పుదీ ఇదే తంతు కనుక, విశాఖ, చెన్నై వంటి తీర నగరాల్లో బకెట్ మూత బిగువుగా ఉండాలి. ప్యాకెట్ మీది అంకెలను ఏ లవణీయత వద్ద కొలిచారో కూడా చదవాలి: 33 వద్ద 400 అని రాసిన కాల్షియం, అదే ఉప్పును 35కు కలిపితే 424 అవుతుంది.