జిల్లా పేజీ దాటని మరణాలు

2023 జులై 9న ఢిల్లీలో 24 గంటల్లో 153 మిల్లీమీటర్ల వాన పడింది. నాలుగు రోజులకు యమున 208.66 మీటర్ల రికార్డు మట్టానికి చేరి వీధుల్లోకి రావడంతో జాతీయ ఛానళ్లకు అదే ప్రధాన వార్త అయింది. అదే నెల 26, 27 తేదీల మధ్య ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్లు కురిసింది. తెలంగాణలో ఒక్క రోజులో అంత వాన అంతకుముందెన్నడూ నమోదు కాలేదు. మోరంచవాగు పొంగి భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిని ముంచేస్తే జనం డాబాలెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. జంపన్నవాగు కొండాయిలో పలువురిని పొట్టన పెట్టుకుంది. ఈ వరద దేశం కంట పడకపోలేదు గాని, యమునకు దక్కిన సమయంలో పిసరంతే దానికి దక్కింది.

ఈ తేడా కొత్తది కాదు. కాంగో, క్యూబా, సైప్రస్ సంక్షోభాలను నార్వే పత్రికలు ఎలా రాశాయో పరిశీలించిన పరిశోధకులు యోహాన్ గాల్టుంగ్, మారి హోల్మ్‌బో రూగే 1965లోనే దాని లక్షణాలు చెప్పారు: బలమైన దేశాల సంగతులు, సాంస్కృతికంగా మనవాళ్లనిపించే వారి సంగతులు, ఉన్నట్టుండి జరిగేవి వార్తలవుతాయి, మెల్లగా సాగేవి జారిపోతాయి. ఢిల్లీ వాన దేశపు వాన కావడానికి, కెమెరాలు కాపురముండేది అక్కడే కావడం కూడా ఒక కారణమే.

అయితే దూరం ఢిల్లీకీ ములుగుకూ మధ్యనే లేదు. 1989లో ఈనాడు జిల్లా అనుబంధాలు మొదలుపెట్టింది, మిగతా పత్రికలూ ఆ దారి పట్టాయి. అంతవరకు అచ్చులో పేరే కనిపించని పల్లెలకు పేజీ దొరికింది, మండలానికో విలేకరి వచ్చాడు. ఇది చిన్న మేలు కాదు. కానీ ఆ పేజీయే గోడ కూడా అయింది: పరకాల చావు వరంగల్ పాఠకుడికి తెలుస్తుంది, రాష్ట్రమంతా చదివే మెయిన్ పేపర్‌కు ఎక్కితే తప్ప పక్కనున్న కరీంనగర్ పాఠకుడికి తెలియదు.

1997 ఖరీఫ్‌లో పత్తిని లద్దె పురుగు తినేసినప్పుడు ఈ గోడ బలం బయటపడింది. విత్తనం, ఎరువు, పురుగుమందు ఒకే దుకాణంలో అప్పుకు తెచ్చుకుని, ఎన్నిసార్లు కొట్టినా పురుగు చావక, చివరికి ఆ మందే తాగిన రైతుల వార్తలు మొదట ఒక్కొక్కటిగా, 'అప్పుల బాధతో' అనే మాటతో, సింగిల్ కాలమ్‌లో వచ్చాయి. ఒక్కో చావు ఒక్కో ఇంటి గొడవగానే కనిపించింది. రైతు సంఘాలు, పౌరహక్కుల కార్యకర్తలు ఊరూరూ తిరిగి వాటిని ఒకచోట చేర్చాకనే, 1998 నాటికి, వరంగల్ పత్తి రైతు పేరు దేశమంతా వినబడింది. అంటే లెక్క ఒకచోట చేరేదాకా చావుకు గుర్తింపు రాలేదు.

ఒక్కసారిగా పోయిన ప్రాణాలకైనా గ్యారంటీ లేదు. 2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాట్‌లో ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా చనిపోయారు. అసెంబ్లీ రద్దయి అప్పటికి ఐదు రోజులే. మూడు రోజులకు మిర్యాలగూడలో కుల హత్య జరిగింది. అదీ కప్పిపుచ్చదగ్గ వార్త కాదు. శనివారంపేట, హిమ్మత్‌రావుపేట ఇళ్లలో దినవారాలు ముగియకముందే రాష్ట్రం ఎన్నికల మాటల్లో పడింది.

ఇక ఉత్తర తెలంగాణకు దూరదేశమూ ఇంటి ముచ్చటే. 2024 జూన్ 12న కువైట్ మంగాఫ్‌లో కార్మికుల భవనం కాలిపోయి 40 మందికి పైగా భారతీయులు చనిపోతే వాయుసేన విమానం మృతదేహాలను కొచ్చికి తెచ్చింది, దేశమంతా చూసింది. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెలకు మాత్రం ఎన్నో ఏళ్లుగా గల్ఫ్ నుంచి శవపెట్టెలు ఒక్కొక్కటిగానే వస్తున్నాయి: ఒకరు గుండెపోటుతో, ఒకరు రోడ్డు ప్రమాదంలో, ఒకరు ఉరిపోసుకుని. గల్ఫ్ మృతుల కుటుంబాలకు 5 లక్షల రూపాయలు ఇవ్వాలని రాష్ట్ర ప్రభుత్వం 2024లో నిర్ణయించింది. శంషాబాద్‌లో పెట్టె దింపుకున్న అంబులెన్సు రాత్రికి రాత్రి ఊరు చేరుతుంది. మర్నాడు ఆ మండలం వార్తల్లో పాస్‌పోర్టు ఫొటోతో నాలుగు వాక్యాలు వస్తాయి, పక్క జిల్లా పేపర్లో అవీ ఉండవు.