నలభై గొంతుల టాలిస్

16వ శతాబ్దపు ఇంగ్లండ్‌లో రాజు మారితే మతం మారేది, దానితో పాటు చర్చిలో పాడే పాటా మారేది. ఎనిమిదో హెన్రీ, ఆరో ఎడ్వర్డ్, మేరీ, ఎలిజబెత్ నలుగురి కొలువులోనూ స్వరరచన చేసిన థామస్ టాలిస్ ఈ మార్పులన్నిటినీ దగ్గరగా చూశాడు.

ఆయన 1505 ప్రాంతంలో పుట్టాడు. హెన్రీ 1540లో వాల్తమ్ మఠాన్ని మూయించడంతో అక్కడి ఉద్యోగం పోయింది. చేతికొచ్చింది 40 షిల్లింగులు: సగం పాత జీతం బకాయి, సగం బహుమానం. కొంతకాలం కాంటర్బరీ కెథడ్రల్‌లో పాడి, తర్వాత రాజుగారి ప్రార్థనాలయంలో చేరి చనిపోయేదాకా అక్కడే ఉన్నాడు.

అంతకుముందు లాటిన్ పాటల్లో ఒక్క అక్షరాన్నే ఎన్నో స్వరాల మీదుగా సాగదీసేవారు. ప్రార్థన మాటలు జనానికి అర్థం కావాలంటే అక్షరానికి ఒక్క స్వరమే ఉండాలని ఆర్చిబిషప్ క్రాన్మర్ 1544లో రాజుకు రాశాడు. ఎడ్వర్డ్ కాలంలో అదే పద్ధతి పాతుకుపోయింది. ‘మీరు నన్ను ప్రేమించినయెడల నా ఆజ్ఞలను గైకొందురు’ అన్న యోహాను సువార్త వాక్యానికి టాలిస్ ఇంగ్లిషులో కట్టిన పాట వినండి. మొదట నాలుగు గొంతులూ ఒకే లయలో మాటను స్పష్టంగా పలుకుతాయి. తర్వాతే ఒకదాని వెనుక ఒకటి బయలుదేరతాయి. పెట్టిన కట్టుబాటులోంచే ఇంత అందం తీయడం నాకు ఆయన పెద్ద రచనల కన్నా గొప్పగా అనిపిస్తుంది.

పెద్ద రచన అంటే 1570 ప్రాంతపు ‘స్పెమ్ ఇన్ ఏలియమ్’. గొంతులు 40, ఐదేసి చొప్పున ఎనిమిది బృందాలు. మన కర్ణాటక కచేరీలో అందరూ ఒకే రాగధారను అనుసరిస్తారు. ఇక్కడ 40 మందీ 40 వేర్వేరు బాణీలు పాడతారు. ఒక్క గొంతుతో మొదలైన పాట మొదటి బృందం నుంచి ఎనిమిదో బృందం దాకా పాకుతుంది. 40వ బార్‌లో (స్వరలిపిలో గీతల మధ్య ఉండే తాళఖండం) అందరూ ఒక్కసారిగా కలుస్తారు. తర్వాత పాట వచ్చిన దారినే వెనక్కి మళ్లుతుంది.

బృందాలను అర్ధవలయంగా నిలబెడితే ఈ కదలిక చెవికి తెలుస్తుంది. పక్కనుంచి వచ్చే ధ్వని దగ్గరి చెవిని రెండో చెవి కన్నా కాస్త ముందు చేరుతుంది. ఆ తేడా ఎంత ఎక్కువైనా సెకనులో వెయ్యో వంతుకు లోపే. మెదడు ఆ తేడానూ, రెండు చెవుల్లోని ధ్వని తీవ్రతల తేడానూ కలిపి దిక్కును లెక్కగడుతుంది. కాబట్టి మధ్యలో నిలబడ్డ శ్రోత చుట్టూ పాట నడుస్తున్నట్టే ఉంటుంది. రెండు స్పీకర్లలో వింటే ఆ అనుభవం చాలావరకు పోతుంది.

1575లో ఎలిజబెత్ రాణి టాలిస్‌కు, ఆయన కన్నా చాలా చిన్నవాడైన స్వరకర్త విలియం బర్డ్‌కు 21 ఏళ్లపాటు సంగీతం అచ్చువేసే హక్కు ఇచ్చింది. ఇద్దరూ చెరి 17 పాటలతో పుస్తకం తెచ్చారు. అది సరిగా అమ్ముడుపోలేదు. పదేళ్లకు, 1585 నవంబరులో, టాలిస్ గ్రీనిచ్‌లో మరణించాడు.

1567లో ఆయన ఒక కీర్తనల పుస్తకానికి కట్టిన బాణీ ఆధారంగా ఇంగ్లిషు స్వరకర్త రాల్ఫ్ వాన్ విలియమ్స్ 1910లో గ్లాస్టర్ కెథడ్రల్ కోసం తంత్రీవాద్యాల కృతి రాశాడు. అందులో వాద్యకారులు గుంపులుగా విడిపోతారు. ఒక చిన్న బృందం పెద్ద బృందానికి దూరంగా కూర్చుని బదులిస్తుంది.