మూడు అటు, రెండు ఇటు

"సల్సా, రుంబా స్పెయిన్ వాళ్ల సంగీతమే కదా, ఆఫ్రికా ఎక్కడుంది అందులో?" అని ఒక పాఠకురాలు అడిగారు. క్యూబా దీవిలో వేళ్లున్న ఈ పాటల్లో, నాట్యాల్లో మాటలు స్పానిష్, నిజమే. గిటారూ స్పెయిన్‌దే. లెక్క మాత్రం ఆఫ్రికాది. మీ చేత్తోనే చూపిస్తాను.

ఎనిమిది లెక్కల ఆదితాళం వెయ్యండి. ఒక్కో లెక్కకు రెండు అక్షరాల చొప్పున 16 అక్షరాలు పలకండి: తకిట తకిట తకధిమి తక తకధిమి. ప్రతి ముక్కలో మొదటి 'త' ఒక్కటే గట్టిగా. 3, 3, 4, 2, 4. ఇదే క్యూబా వాళ్ల సోన్ క్లావే, అంటే సోన్ అనే వాళ్ల పాటల తీరును నడిపించే ఐదు దెబ్బల వరుస! మొదటి 'త' దెబ్బ మీద పడింది. రెండోది చిటికెన వేలు దాటాక, ఉంగరం వేలికి చేరకముందే. మూడోది మధ్య వేలి మీద, నాలుగోది చెయ్యి తిప్పినప్పుడు, ఐదోది ఆ వెంటనే వచ్చే దెబ్బ మీద. అంటే మొదటి నాలుగు లెక్కల వైపు మూడు, తర్వాతి నాలుగు లెక్కల వైపు రెండు. మరి ఐదో లెక్క? మన అరచెయ్యి గట్టిగా పడే చోట అక్కడ నిశ్శబ్దం. ఆ ఖాళీలోనే ఉంది మజా. సల్సా ఆడేవాళ్లు 1, 2, 3 అడుగులేసి 4 దగ్గర ఆగుతారు; అడుగు ఆగిన చోట క్లావే మోగుతుంది. క్లావే ఊరుకున్న 5 దగ్గర అడుగు పడుతుంది.

మూడో 'త'ను ఒక్క అక్షరం ఆలస్యంగా వెయ్యండి: తకిట తకధిమి తకిట తక తకధిమి. రుంబా క్లావే అయిపోయింది. ఒక్క అక్షరంతో నడకే మారిపోయింది!

మనకూ క్యూబాకూ చుట్టరికం ఉందని కాదు. 16ను ముక్కలు చేసే మాటలు మన దగ్గర సిద్ధంగా ఉన్నాయి, అంతే.

ఇప్పుడు ఘనాకు వెళ్దాం. అక్కడి గా ప్రజల ఫుమేఫుమే నృత్యంలో ఇనుప గంట 12 మాత్రలకు ఐదుసార్లు మోగుతుంది: తక తక తకిట తక తకిట. అవే ఐదు దెబ్బలు, అదే వరుస. 12ను 16కు సాగదీస్తే సోన్ క్లావే. పశ్చిమ ఆఫ్రికాలో ఈ గంట వరుస మారదు, దాన్ని పట్టుకునే మిగతా డోళ్లు ఆడుకుంటాయి. క్యూబాలో ఆ పని రెండు కర్ర ముక్కలకు దక్కింది. హవానాలో ఓడలు కట్టే చోట వాడే గట్టి చెక్క మేకులే అవి అని చెబుతారు.

"వాళ్ల రక్తంలోనే తాళం ఉంది" అనే మాట నాకు నచ్చదు. అది మూఢనమ్మకం. బానిసలుగా తెచ్చిన మనుషులు కబిల్దో అనే సంఘాల్లో కూడి, డోళ్లు వాయించి, పిల్లలకు నేర్పారు కాబట్టి నిలిచింది. ఉత్తర అమెరికాలోని సౌత్ కరోలినాలో 1740 చట్టం డోళ్లనే నిషేధించింది. క్యూబాలో బానిసత్వం 1886లో పోయింది. హవానా, మతాన్‌సాస్ రేవుల్లో డోలు దొరక్కపోతే ఎండుచేపల పెట్టెలమీద రుంబా వాయించారు. 1940లలో అర్సేనియో రోద్రిగేస్ అనే చూపులేని సంగీతకారుడు వీధుల్లోని కాంగా డోలును సోన్ బృందంలోకి తెచ్చాడు. సల్సా ఆ దారిలోనే వచ్చింది.

పిల్లలకు తాళం నేర్పేటప్పుడు మనం దెబ్బలు లెక్కపెట్టిస్తాం, మధ్యలోని ఖాళీని వినిపించం. ఒకసారి ఐదో లెక్క నుంచి మొదలుపెట్టించండి. రెండు ముందు, మూడు తర్వాత వస్తాయి, మొదటి లెక్క ఖాళీ. చాలా సల్సా పాటలు నడిచేది ఇలాగే. రెండు దెబ్బల వైపు పియానో మూడు దెబ్బల వైపుది వాయించిందా, బృందమంతా తిరిగి చూస్తుంది. దాన్ని 'క్రుసాదో' అంటారు, అంటే అడ్డం పడిందని.