వేలంలో లగ్జరీ కారు: పెయింట్ మచ్చల మీద అపోహలు – వాస్తవాలు

వేలానికి వచ్చిన పాత లగ్జరీ కారు దగ్గర రెండు రకాల మనుషులు కనిపిస్తారు. బానెట్ మీద నాలుగు గీతలు, ఒక సొట్ట కనబడగానే పక్క కారు దగ్గరికి వెళ్లిపోయేవాళ్లు కొందరు. "ఓ పాలిష్ కొట్టిస్తే పోతుందిలే" అని ధైర్యంగా పాట పెంచేవాళ్లు ఇంకొందరు. నేను కార్ల పెయింట్ పని చేస్తాను. కొనేవాళ్ల తరఫున వేలానికి ముందు కార్లు చూసిపెడతాను కూడా. ఇద్దరికీ చెప్పేది ఒకటే: మచ్చను చూసి ధర కట్టకండి, ఆ మచ్చ ఎలా వచ్చిందో తెలుసుకుని కట్టండి. ఒకే సైజు మచ్చ ఒక కారులో గంట పనితో పోతుంది, ఇంకో కారులో బంపర్, లైట్లు, డోర్ల బీడింగులు అన్నీ విప్పిస్తుంది.

అపోహ: పెయింట్ తళతళలాడుతుంటే కారును బాగా చూసుకున్నట్టే.

లక్ష కిలోమీటర్లు తిరిగిన కారుకు బానెట్ ముందు అంచు మీద, బంపర్ మీద చిన్న చిన్న రాళ్ల దెబ్బలు ఉండాలి. హైవే మీద ముందు బండి టైర్ల నుంచి ఎగిరే రాళ్లు ఏ కారునూ వదలవు. అంత తిరిగాక కూడా బానెట్ మీద ఒక్క చుక్క లేదంటే, మొదటి నుంచీ ప్రొటెక్షన్ ఫిల్మ్ (పెయింట్ మీద అంటించే పారదర్శక ప్లాస్టిక్ పొర) వేసి ఉంచారనుకోవాలి, లేదా బానెట్‌కి మళ్లీ పెయింట్ వేశారనుకోవాలి, లేదా బానెట్టే మార్చారనుకోవాలి. ఫిల్మ్ అయితే మీ అదృష్టం. మిగతా రెండింట్లో ఏదైనా సరే, ఎందుకు చేయాల్సి వచ్చిందో తెలియాలి.

వేలానికి పంపే ముందు కార్లకు గ్లేజ్ అనే మెరుపు క్రీమ్ రాయడం మామూలే. అందులోని నూనెలు, ఫిల్లర్లు సన్నటి గీతల్లోకి చేరి వాటిని కప్పేస్తాయి. కొన్ని వాష్‌లు అయ్యాక గీతలన్నీ మళ్లీ తేలతాయి. తడి కారును తీసిన ఫొటోలూ అంతే, నీళ్లు గీతలను దాచేస్తాయి. అందుకే కారు పొడిగా ఉన్నప్పుడు, ఎండలో గానీ మంచి టార్చ్ వెలుగులో గానీ చూడాలి. టార్చ్‌ను ఏటవాలుగా పట్టుకుంటే గుండ్రటి గీతలు, ఎమిరీ పేపర్ గుర్తులు, సొట్ట తీసిన చోట మిగిలిపోయిన అలలు బయటపడతాయి. నల్ల కారులో ఇవేవీ దాగవు. తెలుపు, సిల్వర్ రంగుల్లో చాలా దాగుతాయి. జనం మాత్రం నల్ల కారును చూసి అవసరానికి మించి భయపడతారు, తెల్ల కారును అవసరానికి మించి నమ్ముతారు.

అపోహ: పాలిష్‌తో ఏ గీత అయినా పోతుంది.

పాలిష్ గీతను పూడ్చదు. గీత చుట్టూ ఉన్న పొరను గీత అడుగు దాకా అరగదీస్తుంది. కాబట్టి అరగదీయడానికి ఎంత పొర మిగిలి ఉందన్నదే అసలు ప్రశ్న.

కంపెనీ పెయింట్‌లో మామూలుగా నాలుగు పొరలు ఉంటాయి. రేకుకు తుప్పు పట్టకుండా వేసే ఈ-కోట్ సుమారు 20 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు). దాని మీద ప్రైమర్, ఆపైన రంగు పొర, అన్నిటికీ పైన 35 నుంచి 50 మైక్రాన్ల క్లియర్ కోట్, అంటే రంగులేని పారదర్శక పొర. అన్నీ కలిపినా చాలా కార్లలో 100 నుంచి 150 మైక్రాన్ల మధ్యే, అంటే సుమారు రెండు వెంట్రుకల మందం. పాలిష్‌కు పనికొచ్చేది పైనున్న క్లియర్ కోట్ ఒక్కటే, అందులోనూ కొంత భాగమే. కాంపౌండ్ అనే గరుకు పాలిష్‌తో గట్టిగా ఒక రౌండ్ కొడితే కొన్ని మైక్రాన్లు పోతాయి. ఎండలోని అల్ట్రావయొలెట్ కిరణాలను ఆపే రసాయనాలు ఉండేది ఆ క్లియర్ కోట్‌లోనే. పాత ఓనర్ ఏటా ఒకసారి మెషిన్ పాలిష్ కొట్టించి ఉంటే, మీరు కొంటున్నది మెరిసే కారే కానీ దాని మీద క్లియర్ చాలావరకు ఖర్చయిపోయి ఉంటుంది.

గీత ఎంత లోతో తేల్చడానికి రెండు తేలిక పరీక్షలు ఉన్నాయి. గోటిని గీతకు అడ్డంగా మెల్లగా లాగండి. గోరు తట్టుకుంటే ఆ గీత పాలిష్‌తో పూర్తిగా పోదనే లెక్క వేసుకోండి. తర్వాత గీత మీద కాస్త నీళ్లు రాయండి. మాయమైతే అది క్లియర్ కోట్‌లోనే ఉంది. తడిసినా తెల్లగానో బూడిద రంగులోనో కనిపిస్తుంటే ప్రైమర్ దాకా దిగింది, అక్కడ టచప్ అయినా చేయాలి, ప్యానెల్‌కు పెయింట్ అయినా వేయాలి.

రూఫ్, బానెట్, డిక్కీ మీద మబ్బు పట్టినట్టు తెల్లటి మరకలు ఉండి, వాటి అంచుల్లో పొర లేస్తుంటే క్లియర్ కోట్ చచ్చిపోయినట్టు. దాన్ని ఏ పాలిషూ బతికించలేదు. పాత పొర తీసేసి మళ్లీ వేయాల్సిందే. పెయింట్ విషయంలో కొనేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడేనని నా అభిప్రాయం, ఎందుకంటే ఫొటోలో అది దుమ్ములాగే ఉంటుంది. రూఫ్ ఫొటో సరిగ్గా లేని కారుకు నేను దూరం నుంచి పాట పాడనివ్వను.

అన్ని కార్ల క్లియర్ ఒకేలా ఉండదన్నది కూడా గుర్తుంచుకోవాలి. 2003 చివర్లో మెర్సిడెస్-బెంజ్ నానో సిరామిక్ కణాలు కలిసిన గట్టి క్లియర్ కోట్ మొదలుపెట్టింది. అలాంటి క్లియర్ మీద గీతలు తేలిగ్గా పడవు, పడ్డాయంటే తీయడానికీ చాలాసేపు పడుతుంది. అలాంటి కారులో మిగతా బాడీ అంతా బాగుండి ఒక్క డోర్ మీదే గుండ్రటి గీతలు గుంపుగా ఉంటే, ఆ డోర్‌కు ఫ్యాక్టరీలో కాకుండా బయటి షాపులో మెత్తటి క్లియర్‌తో పెయింట్ వేశారేమోనని చూస్తాను. చాలాసార్లు పెయింట్ మందం కొలిచే మీటర్ కూడా అదే చెబుతుంది.

అపోహ: మీటర్‌లో అంకె ఎక్కువ చూపిస్తే అది యాక్సిడెంట్ కారే.

పెయింట్ మందం కొలిచే మీటర్ చేతికి వచ్చాక చాలామందిలో టెన్షన్ పెరిగింది. మీటర్ మంచి సాధనమే. కానీ ఒక్క అంకెతో తీర్పు చెప్పకూడదు.

మొదట డోర్ తెరిచి లోపలి అంచు మీద, పిల్లర్ (డోర్ల పక్కన రూఫ్‌ను మోసే స్తంభం) మీద కొలవండి. అక్కడ కంపెనీ పెయింట్ కొంచెం పలచగా ఉంటుంది, ఎవరూ ముట్టుకోరు, కాబట్టి ఆ కారుకు అదే కొలబద్ద. తర్వాత ప్రతి ప్యానెల్ మీద నాలుగైదు చోట్ల కొలిచి, ఎడమ వైపును కుడి వైపుతో పోల్చాలి. ప్యానెల్ అంతటా 200 నుంచి 300 మైక్రాన్లు సమంగా ఉంటే పైన ఇంకోసారి పెయింట్ వేశారని అర్థం. పార్కింగ్‌లో ఎవరో తాళంతో గీసి ఉండొచ్చు. ఫ్యాక్టరీలోనే లోపం కనబడి మళ్లీ వేసినవి కూడా ఉంటాయి. అదే ప్యానెల్ మీద ఒకచోట 180, జానెడు దూరంలో 700, ఇంకాస్త పక్కన 1200 అంటే కింద పుట్టీ ఉంది. పుట్టీ ఉందంటే రేకు వంగింది.

ఆ పుట్టీ ఎక్కడుందన్నది మరీ ముఖ్యం. ఫెండర్, బానెట్, డోర్లు బోల్టులతో బిగించేవి, మార్చేయొచ్చు. వెనక చక్రం మీది క్వార్టర్ ప్యానెల్, పిల్లర్లు, డోర్ల కింది సిల్, రూఫ్ బాడీతో కలిసిపోయినవి. ముందు ఫెండర్ మీద 1000 చూస్తే నేను ధర తగ్గించుకుంటాను. పిల్లర్ మీద 400 చూస్తే కారు వదిలేస్తాను.

అంకె తక్కువగా ఉన్నా అనుమానించాలి. బయటి ప్యానెల్ మీద 80 దాటడం లేదంటే అతిగా అరగదీశారేమో చూడాలి. ప్రొటెక్షన్ ఫిల్మ్ ఉన్న చోట అంకె ఇంకో 150, 200 మైక్రాన్లు పెరుగుతుంది. డోర్ అంచులో, బానెట్ మడతలో గోటితో తడిమితే ఫిల్మ్ అంచు తగులుతుంది. బయట పెయింట్ వేసిన ప్యానెల్ మీద ఫిల్మ్ ఉంటే దాన్ని పీకేటప్పుడు పెయింట్ కూడా ఊడి రావచ్చు. అందుకని పాత ఫిల్మ్ ఉన్న కారుకు ఆ ప్యానెళ్ల పెయింట్ ఖర్చు కలిపే లెక్క వేస్తాను.

మీటర్ చెప్పనిది కళ్లు చెబుతాయి. డోర్ రబ్బర్ల మీద పెయింట్ తుంపర, మడతలో టేప్ వేసిన గీత, క్లియర్ కింద దుమ్ము రేణువు, హింజ్ బోల్టుల మీద స్పానర్ గుర్తులు, అన్ని గ్లాసుల మీదా ఒక సంవత్సరం ఉండి ఒక్క గ్లాసు మీద వేరే సంవత్సరం. ఇవి కనబడితే మీటర్ ఎంత మంచి అంకె చూపినా ఆగి ఆలోచించాలి.

అపోహ: అయస్కాంతం అంటుకోకపోతే లోపల పుట్టీ ఉన్నట్టే.

ఉక్కు బాడీలో అయితే ఇది కొంత నిజం. లగ్జరీ కార్లలో పనికిరాదు. 1994లో వచ్చిన ఆడి ఏ8, 2012లో వచ్చిన రేంజ్ రోవర్ అల్యూమినియం బాడీతో వచ్చినవే. చాలా కార్లలో బానెట్, ఫెండర్లు మాత్రం అల్యూమినియం. అయస్కాంతం అక్కడ అసలు అంటుకోదు. మీటర్ కూడా ఉక్కును, అల్యూమినియంను రెండింటినీ కొలిచేదే కావాలి. ప్లాస్టిక్ బంపర్ మీద, కార్బన్ ఫైబర్ మీద మామూలు మీటర్ ఏమీ చూపదు.

అల్యూమినియం కాబట్టి తుప్పు బాధ లేదనుకోవడం కూడా పొరపాటే. ఎర్ర తుప్పు రాదు, నిజమే. కానీ ఉక్కు బోల్టు, రివెట్ తగిలిన చోట, పెయింట్ పగిలిన అంచుల్లో అల్యూమినియం తెల్లటి పొడిగా మారుతుంది. పైనున్న పెయింట్ బొబ్బలు ఎక్కుతుంది, ఒక్కోసారి పురుగు పాకినట్టు సన్నటి గీతలుగా లేస్తుంది. బొబ్బ చిన్నదే కదా అనుకోకండి. లోహం దాకా శుభ్రం చేయకుండా పైన పెయింట్ వేస్తే మళ్లీ లేస్తుంది. ఉక్కు రేకు మీద బొబ్బలకైనా ఇదే మాట. నాకు రెండు అంగుళాల పొడవున్న లోతైన గీత కంటే బఠాణీ అంత బొబ్బంటేనే ఎక్కువ భయం.

అపోహ: బంపర్ రంగు కొంచెం తేడాగా ఉంటే గుద్దిన కారే.

కొత్త కారులోనూ ఈ తేడా ఉంటుంది. బంపర్ ప్లాస్టిక్, బాడీ లోహం. వాటికి పెయింట్ వేసే చోటు, కాల్చే వేడి వేరు వేరు. రెండు బంపర్లూ ఒకేలా కొంచెం తేడాగా ఉంటే పట్టించుకోను. ఒకటే తేడాగా ఉంటే దాన్ని విప్పిన గుర్తులు ఉన్నాయేమోనని వంగి కింద క్లిప్పులు చూస్తాను.

బంపర్ పెయింట్‌లో అసలు ఖర్చు వేరేచోట దాక్కుంటుంది. ఇప్పటి లగ్జరీ కార్లలో బంపర్ మూలల వెనక రాడార్ సెన్సర్లు ఉంటాయి, చాలావరకు 77 గిగాహెర్ట్జ్ దగ్గర పనిచేసేవి. వాటి ముందున్న బంపర్ భాగం మీద పుట్టీ పెట్టినా, పొర మీద పొర పెయింట్ వేసినా సిగ్నల్ బలహీనపడొచ్చు. అందుకే ఆ భాగంలో రిపేర్ చేయొద్దని, పెయింట్ మందం ఇంత దాటొద్దని చాలా తయారీ కంపెనీలు నియమాలు పెడతాయి. బ్లైండ్ స్పాట్ హెచ్చరిక (అద్దంలో కనబడని పక్క బండి గురించి ఇచ్చేది) అప్పుడప్పుడూ ఆగిపోతుంటే సెన్సర్ మార్చే ముందు బంపర్ పెయింట్ చూడమని చెబుతాను.

అపోహ: కలర్ కోడ్ ఉంటే ఏ పెయింటర్ అయినా అదే రంగు కలిపేస్తాడు.

ఒకే కోడ్‌లో కూడా ఏళ్లు గడిచే కొద్దీ చిన్న చిన్న తేడాలు వస్తాయి. ఎండకు పాత పెయింట్ మారుతుంది. మెటాలిక్ రంగులో మెరిసే లోహపు రేణువులు పడుకునే తీరు స్ప్రే గన్ దూరాన్ని, గాలి ఒత్తిడిని బట్టి మారుతుంది. అందుకే ఒక డోర్‌కు పెయింట్ వేస్తే తేడా తెలియకుండా పక్క ప్యానెళ్ల మీదికి కూడా రంగును కలుపుకుంటూ పోతాం. పెర్ల్ రంగుల్లో మూడు దశలు ఉంటాయి, పని ఇంకా కష్టం. వేలంలో "ఒక్క డోరే కదా" అనుకున్న పెర్ల్ వైట్ కారు పెయింట్ బూత్‌లో మూడు ప్యానెళ్ల పని అవుతుంది.

మ్యాట్ పెయింట్ అయితే పాలిష్ మాటే లేదు. రుద్దితే మెరుపు వస్తుంది, ఆ మెరుపే అక్కడ మచ్చ. చిన్న గీతకైనా ప్యానెల్ మొత్తం వేయాలి.

బయట వేసిన పెయింట్ ఎప్పుడూ నాసిరకమేనని మాత్రం అనుకోకండి. ఫ్యాక్టరీలో పై పొరను సుమారు 140 డిగ్రీల దగ్గర కాలుస్తారు. షాపులో వైర్లు, ప్లాస్టిక్ ఉన్న కారును అలా కాల్చలేం కాబట్టి హార్డెనర్ (పెయింట్‌ను గట్టిపరిచే రసాయనం) కలిపి 60 డిగ్రీల దగ్గర ఆరబెడతాం. కింద తయారీ సరిగ్గా ఉంటే అది ఏళ్ల తరబడి నిలుస్తుంది.

అపోహ: సిరామిక్ కోటింగ్ వేయిస్తే గీతలు పోతాయి.

పోవు. పెయింట్ మీద రాసే ఆ రక్షణ పొర మందం ఒకటి రెండు మైక్రాన్లు. ముందు సరిచేయని గీతలు దాని కింద అలాగే ఉండిపోతాయి.

అపోహ: వడగళ్ల దెబ్బ తిన్న కారు జోలికి పోకూడదు.

నేనైతే ముందు వాటినే చూస్తాను. పెయింట్ పగలకుండా గుంటలు మాత్రమే పడితే, లోపలి నుంచి రాడ్‌లతో నొక్కి పెయింట్ ముట్టకుండానే సరిచేయొచ్చు. కంపెనీ పెయింట్ అలాగే మిగులుతుంది. ప్యానెల్‌కు ముందే పుట్టీ పెట్టి ఉంటే మాత్రం నొక్కినప్పుడు పగులుతుంది. అల్యూమినియం ఉక్కంత తేలిగ్గా వెనక్కి రాదు. రూఫ్ అంచుల మీద, మడతల మీద పడ్డ గుంటలు కష్టం. గుంటలు ఎన్ని ఉన్నాయన్నది ఆ తర్వాతి లెక్క.

అపోహ: కండిషన్ రిపోర్టులో మంచి గ్రేడ్ ఉంటే కారు చూడక్కర్లేదు.

కండిషన్ రిపోర్టు అంటే వేలానికి ముందు కారును పరీక్షించి రాసే షీటు. అందులో గ్రేడ్ మొత్తం కారుకు ఇచ్చే ఒక్క మార్కు. మనకు కావాల్సింది దాని పక్కనున్న బొమ్మ. జపాన్ వేలాల షీట్లలో కారు బొమ్మ గీసి ప్రతి ప్యానెల్ మీద కోడ్ రాస్తారు. 'ఏ' అంటే గీత, 'యు' అంటే సొట్ట, 'డబ్ల్యు' అంటే రిపేర్ చేసిన చోట మిగిలిన అల, 'ఎస్' అంటే తుప్పు, 'ఎక్స్' అంటే మార్చాల్సిన ప్యానెల్, 'ఎక్స్ఎక్స్' అంటే మార్చేసిన ప్యానెల్. పక్కనున్న అంకె పెరిగే కొద్దీ మచ్చ పెద్దది. 'ఆర్' గ్రేడ్ యాక్సిడెంట్ అయి రిపేర్ చేసిన కారుకు ఇస్తారు. ఇందులో కొత్తవాళ్లు తప్పుగా చదివేది 'డబ్ల్యు'. పెద్ద పెద్ద 'ఏ'లు చూసి వెనక్కి తగ్గుతారు, క్వార్టర్ ప్యానెల్ మీదున్న 'డబ్ల్యు'ను దాటేసి పోతారు. ఆ గీతలు కనబడేవి కనబడినట్టే ఉంటాయి. 'డబ్ల్యు' కింద ఏముందో మీటర్ పెడితే గానీ తెలియదు.

చాలా వేలాల్లో కారు ఉన్నది ఉన్నట్టుగా అమ్ముతారు, పాట ముగిశాక పెయింట్ గురించి ఫిర్యాదు చేస్తే వినేవారుండరు. కాబట్టి చూసే రోజునే కారు బొమ్మ గీసుకుని ప్యానెల్ వారీగా రీడింగులు రాసుకోండి. ప్రతి ప్యానెల్ ఎదుట పాలిష్, టచప్, పెయింట్, పుట్టీ తీసి చేయాల్సిన పని అని నాలుగింట్లో ఒకటి రాయండి. ఏదో తేలని ప్యానెల్‌ను పెయింట్ కిందే వేసుకోండి. బూత్‌లో కలిసిపోయే పక్క ప్యానెళ్లను కూడా చేర్చండి. ఆ మొత్తాన్ని, వేలం కమిషన్‌ను మీ బడ్జెట్‌లోంచి తీసేయగా మిగిలినదే మీ ఆఖరి పాట. దాన్ని కూడా ఆ కాగితం మీదే, పాట మొదలవ్వక ముందే రాసి పెట్టుకోండి.